సొంత కోడుకు తీరిక

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ప్రోగ్రామర్లలో చాలామందికి, సంస్థ అప్పగించిన పనికి అవతల, తమ కోసం తాము రాసుకోవాలనుకున్న ప్రోగ్రాము ఒకటి మనసులో మెదులుతూ ఉంటుంది. అది ఇంటి ఖర్చుల లెక్క చూసే చిన్న ఉపకరణం కావచ్చు, పిల్లలకు ఎక్కాలు నేర్పే ఆట కావచ్చు, ఎన్నాళ్లుగానో నేర్చుకోవాలనుకుంటున్న కొత్త ప్రోగ్రామింగ్ భాషలో చేయదలచిన ప్రయోగం కావచ్చు. వృత్తిలో దీన్ని సైడ్ ప్రాజెక్టు అంటారు. పైఅధికారి గానీ గడువు గానీ లేకుండా, ప్రోగ్రామరు తన ఇష్టంతో, తన సమయంలో, తన సొంత కంప్యూటరు మీద చేసుకునే పని అని దీనికి అర్థం చెప్పుకోవచ్చు. ఇలాంటి పని ఎందుకు మొదలుకాలేదని అడిగితే తీరిక లేదన్నదే అందరి సమాధానం, అది అబద్ధమూ కాదు. అయితే ఆ తీరిక ఎటువంటిది, ఎంత కావాలి, దొరికిన కొద్దిపాటి తీరిక కూడా ఎందుకు ఫలించడం లేదు అని పరిశీలిస్తే, కొరవడుతున్నవి గంటలు మాత్రమే కాదని, ఈరోజు ఆలోచన రేపటికి అందకుండా తెగిపోవడమే అంతకన్నా పెద్ద అడ్డంకి అని తేలుతుంది.

గంటల కొరతను తక్కువ చేసి చూడడానికి వీల్లేదు. 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాతి కాలంలో మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతాలలో పెరిగిన సాఫ్ట్‌వేర్ పనిలో పెద్ద భాగం అమెరికా సంస్థలతో ముడిపడి ఉంది, ఆ ముడి ప్రోగ్రామరు సాయంత్రాన్ని పట్టుకుని లాగుతుంది. న్యూయార్కులో ఉదయం 9 గంటలైనప్పుడు హైదరాబాదులో వేసవిలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. కాలిఫోర్నియాలో అదే 9 గంటలకు ఇక్కడ వేసవిలో రాత్రి 9:30, చలికాలంలో 10:30. అక్కడివాళ్లు తాజాగా పని మొదలుపెట్టే వేళకు ఇక్కడివాళ్లు పగటి పని ముగించి, ట్రాఫిక్‌ను ఈదుకుంటూ ఇల్లు చేరి, మళ్లీ హెడ్‌ఫోన్ తగిలించుకుని కాల్‌లో కూర్చోవలసి వస్తుంది. దీనికి తోడు ఆన్‌కాల్ అనే బాధ్యత ఒకటుంది. నడుస్తున్న సాఫ్ట్‌వేరులో ఏ వేళ లోపం తలెత్తినా వెంటనే లేచి సరిచేయడానికి కొందరు వంతులవారీగా సిద్ధంగా ఉండడాన్ని ఆన్‌కాల్ అంటారు. ఆ వంతు వచ్చిన వారమంతా, ఫోను మోగకపోయినా, మోగుతుందేమోనన్న ధ్యాస మనసులో కొంత చోటును ఆక్రమించుకునే ఉంటుంది.

మిగిలిన సమయం ముక్కలుముక్కలుగా మిగులుతుంది. పాల్ గ్రాహం అనే అమెరికన్ ప్రోగ్రామరు 2009లో రాసిన ఒక వ్యాసంలో, పనులు చేయించే మేనేజరు కాలాన్ని గంటల లెక్కన కొలుస్తాడని, వస్తువును తయారుచేసేవాడికి మాత్రం కనీసం సగం రోజు ఒకే ముద్దగా కావాలని, మధ్యలో పడిన ఒక్క సమావేశం ఆ సగం రోజును రెండు పనికిరాని ముక్కలుగా విరగ్గొడుతుందని వివరించాడు. ఆఫీసులో ఈ బాధ తెలియని ప్రోగ్రామరు ఉండడు. అందువల్లనే సొంత పని విషయంలో కూడా అతడు తనకు తెలియకుండానే సగం రోజు కోసం ఎదురుచూస్తాడు. శనివారం ఖాళీగా దొరకాలని, సంక్రాంతి సెలవులకు మొదలుపెట్టాలని అనుకుంటాడు. శనివారం బంధువుల ఇంటి గృహప్రవేశానికీ, సంక్రాంతి ఊరి ప్రయాణానికీ పోతాయి, అవి పోవలసినవే. తప్పు ఆ పండగలది కాదు, పని మొత్తాన్నీ అరుదైన ఖాళీ రోజుల మీద ఆధారపడేలా చేసిన ఏర్పాటుది.

ఇలా మూడు నాలుగు వారాలకు ఒకసారి కూర్చునే పని ఎందుకు సాగదో తెలుసుకోవడానికి డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు పీటర్ నౌర్ ఆలోచన ఎంతో ఉపకరిస్తుంది. ఆల్గాల్ 60 అనే ప్రోగ్రామింగ్ భాష రూపకల్పనలో ముఖ్యపాత్ర వహించి, 2005 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారం పొందిన నౌర్, 1985లో ప్రచురించిన ఒక వ్యాసంలో ప్రోగ్రామింగును సిద్ధాంత నిర్మాణంగా భావించాలని ప్రతిపాదించాడు. ప్రోగ్రాము అంటే ఫైలులో కనిపించే పంక్తులు మాత్రమే కాదని, ఆ పంక్తులు బయటి లోకంలోని ఏ విషయానికి ఎలా సరిపోతున్నాయి, ఎందుకు ఈ రూపంలోనే ఉన్నాయి, రేపు కొత్త అవసరం వస్తే ఎక్కడ ఎలా మార్చాలి అన్న అవగాహన అంతా ప్రోగ్రామరు మనసులో ఉంటుందని, ఆ అవగాహనే అసలు ప్రోగ్రామని ఆయన వాదం. ఆ అవగాహన కలిగినవాళ్లు విడిపోతే, కోడు చెక్కుచెదరకుండా ఉన్నా ప్రోగ్రాము చనిపోయినట్టే అంటాడు. నౌర్ ఈ మాట పెద్ద బృందాల గురించి చెప్పినా, ఒంటరిగా రాత్రిళ్లు కోడు రాసుకునే మనిషికి అది మరింత గట్టిగా వర్తిస్తుంది. మగ్గం మీద సగం నేసి వదిలిన చీర నెల తరువాత కూడా సగం నేసిన చీరగానే ఉంటుంది; సగం రాసిన ప్రోగ్రాము అలా ఉండదు, దానిలో మనసులో ఉన్న భాగం రోజురోజుకూ కరిగిపోతుంది.

తెలుగు పద్యంలో గురువులనూ లఘువులనూ గుర్తించే ప్రోగ్రామును ఉదాహరణగా తీసుకుంటే ఇది స్పష్టమవుతుంది. పద్యం మీద మక్కువ ఉన్న ప్రోగ్రామరుకు ఇది సహజంగా తోచే పని, చూడడానికి చిన్నదే. హ్రస్వాక్షరం లఘువు; దీర్ఘాక్షరమూ, సున్నాతోనో విసర్గతోనో పొల్లుతోనో కూడిన అక్షరమూ గురువు; సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం కూడా గురువు. మొదటి చిక్కు అక్షరాలను విడదీయడంలోనే వస్తుంది. ప్రపంచ లిపులన్నిటికీ ఒక్కో గుర్తుకు ఒక్కో సంఖ్య కేటాయించే యూనికోడ్ పద్ధతిలో, కంటికి ఒకే అక్షరంగా కనిపించే "స్త్రీ" కంప్యూటరుకు ఆరు గుర్తుల వరుస: స, ఒక పొల్లు, త, మరొక పొల్లు, ర, చివర ఈకార గుణింతం. ఈ ఆరింటినీ ఒకే అక్షరంగా కూర్చే నియమం రాయాలి. అది పూర్తయ్యాక అసలు చిక్కు ఎదురవుతుంది. సంయుక్తాక్షరానికి ముందున్నది గురువు అవుతుందన్న నియమం ఒకే పదంలోనూ, సంస్కృత సమాసంలోనూ నిలుస్తుంది గానీ, విడి తెలుగు పదం తరువాత మరొక పదం సంయుక్తాక్షరంతో మొదలైతే ముందు పదం చివరి అక్షరం సాధారణంగా లఘువుగానే నిలుస్తుంది. కాబట్టి రెండు పదాల నడుమ ఉన్నది సమాసమా కాదా అన్నది ప్రోగ్రాముకు ఏదో ఒక విధంగా తెలియాలి. ఈ సంగతి గ్రహించిన రాత్రి ప్రోగ్రామరు కోడులో ఒక షరతు చేరుస్తాడు. ఆ షరతుకు వెనుక ఛందశ్శాస్త్రంలో చదివిన ఒక సూత్రం, పరీక్షించి చూసిన నాలుగైదు పద్యాలు, వదిలేసిన రెండు ప్రత్యామ్నాయాలు ఉంటాయి. నెల రోజుల తరువాత తెరిచి చూస్తే షరతు కనిపిస్తుంది, దాని కారణం కనిపించదు. ఆ రాత్రి దొరికిన రెండు గంటలూ కారణాన్ని తిరిగి కనుక్కోవడానికే సరిపోతాయి, కొత్త పంక్తి ఒకటీ పడదు. ఇలా రెండు మూడుసార్లు జరిగితే ఎంత ఇష్టమైన ప్రాజెక్టయినా బరువనిపిస్తుంది, దాన్ని తెరవడానికే మనసొప్పదు. సొంత ప్రాజెక్టులు ఎక్కువగా ఆగిపోయేది ఈ దశలోనే అని చెప్పడం సాహసం కాదు.

తీరిక సమయంలో పుట్టిన పెద్ద పనుల చరిత్రను ఈ దృష్టితో చదివితే, సాధారణంగా చెప్పుకునే కథలో లేని ఒక అంశం బయటపడుతుంది. నెదర్లాండ్స్‌కు చెందిన గైడో వాన్ రోసమ్ 1989 డిసెంబరులో, క్రిస్మస్ సెలవులకు ఆమ్‌స్టర్‌డామ్‌లోని తన పరిశోధన సంస్థ మూతపడిన రోజులలో, కాలక్షేపంగా పైథాన్ భాషను మొదలుపెట్టాడన్నది ప్రసిద్ధం. ఒక్క సెలవులో భాష పుట్టిందని ఈ కథను చెప్పుకోవడం పొరపాటు. అంతకు ముందు అదే సంస్థలో ఏబీసీ అనే బోధన భాష నిర్మాణంలో ఆయన కొన్నేళ్లు పనిచేశాడు. ఆ భాషలో ఏది బాగుందో, ఏది వాడేవాళ్లకు అడ్డమైందో ఆయనకు అప్పటికే తెలుసు. అంటే నౌర్ చెప్పిన సిద్ధాంతం చాలావరకు మనసులో సిద్ధంగా ఉంది, సెలవు దానికి కాగితం వంటిది మాత్రమే. ఆ తరువాత కూడా మొదటి విడుదలకు 1991 ఫిబ్రవరి వరకు పట్టింది.

కెన్ థాంప్సన్ కథ ఇంకొక పాఠం చెబుతుంది, అది తీరిక గురించి మాట్లాడేవాళ్లు తరచు దాటవేసే పాఠం. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్, మల్టిక్స్ అనే పెద్ద ఆపరేటింగ్ సిస్టమ్ ప్రయత్నం నుంచి తప్పుకుంది. కంప్యూటరు వనరులన్నిటినీ ప్రోగ్రాములకు పంచి నడిపించే మూల సాఫ్ట్‌వేరును ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. అక్కడ పనిచేస్తున్న థాంప్సన్, గ్రహాల నడుమ నౌకను నడిపే స్పేస్ ట్రావెల్ అనే ఆటను పెద్దగా ఎవరూ వాడని పీడీపీ-7 అనే చిన్న కంప్యూటరుకు మార్చి, ఆ యంత్రం మీద తనకు నచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్ కట్టాలనుకున్నాడు. ఆ వేసవిలో ఆయన భార్య ఏడాది బిడ్డను వెంటబెట్టుకుని కొన్ని వారాలపాటు కాలిఫోర్నియాలోని అత్తవారింటికి వెళ్లింది. ఆ వ్యవధిలో కెర్నెల్, ఎడిటరు, అసెంబ్లరు వంటి ఒక్కో భాగానికి ఒక్కో వారం చొప్పున కేటాయించుకుని ఆయన పని పూర్తిచేశాడు. తరువాత యూనిక్స్‌గా పేరుపొందిన వ్యవస్థకు అదే ఆరంభం. ఆ వారాలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఏడాది బిడ్డ బాధ్యతను మరొకరు పూర్తిగా భుజాన వేసుకోవడం వల్ల అవి ఏర్పడ్డాయి.

తెలుగు ఇళ్లలో ఈ లెక్కను నిజాయితీగా వేసుకోవలసిన అవసరం ఎంతైనా ఉంది. భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులైన ఇంట్లో రాత్రి కాల్ ముగిశాక భర్త ల్యాప్‌టాప్ ముందు సొంత కోడుతో కూర్చోగలిగితే, అదే వేళ భార్య రేపటి టిఫినుకు పప్పు నానబోయడం, పిల్లల స్కూలు డైరీ చూడడం, అత్తగారి మందులు సర్దడం వంటి పనులలో ఉండే ఇళ్లు తక్కువేమీ కావు. ఆమె కూడా ప్రోగ్రామరే, ఆమె మనసులోనూ రాయాలనుకున్న ప్రోగ్రాము ఒకటి ఉండి ఉంటుంది. ఒకరి తీరిక మరొకరి శ్రమ మీద నిలబడినప్పుడు దాన్ని క్రమశిక్షణ అని మెచ్చుకోవడం న్యాయం కాదు. వారంలో కొన్ని రాత్రులు ఒకరివి, కొన్ని మరొకరివి అని పంచుకుని, తమ వంతు కాని రాత్రి ఇంటిపని పూర్తిగా తామే చూసుకునే ఏర్పాటు, సమయపాలన మీద వచ్చిన ఏ పుస్తకం కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

గంటలు ఎన్ని దొరికినా తెగిపోయే దారాన్ని నిలుపుకోవడం వేరే సమస్యగానే మిగులుతుంది, దానికి నమ్మదగిన అనుభవం ఒకటి నమోదై ఉంది. వెబ్‌సైట్ల తయారీని ఎంతో సులభం చేసిన జేక్వెరీ అనే కోడు సంకలనాన్ని 2006లో విడుదల చేసిన జాన్ రెసిగ్, ఉద్యోగం చేస్తూ వారాంతాలలో సొంత ప్రాజెక్టులు సాగించడానికి ప్రయత్నించి విఫలమయ్యాడు. ఒక వారాంతం తప్పితే రెండు వారాల ఎడం వచ్చేది, ఆ ఎడంలో పని ఎక్కడ ఆగిందో మరచిపోవడం జరిగేది. దానితో ఆయన పద్ధతి మార్చుకుని, ప్రతిరోజూ అర్ధరాత్రిలోగా ఎంతో కొంత ఉపయోగపడే కోడు రాయాలని నియమం పెట్టుకుని, ఆ అనుభవాన్ని 2014లో వ్యాసంగా ప్రకటించాడు. రోజుకు అరగంటే దొరికినా ప్రాజెక్టు మనసులో ఎప్పుడూ తాజాగా ఉండడం వల్ల, నడిచేటప్పుడూ స్నానం చేసేటప్పుడూ కూడా ఆలోచన దానంతటదే సాగేదని ఆయన గుర్తించాడు. గ్రాహం కోరిన సగం రోజుకూ రెసిగ్ అరగంటకూ విరోధం ఉన్నట్టు కనిపిస్తుంది గానీ నిజానికి లేదు: ప్రోగ్రాము మొదటి రూపం కట్టడానికి సగం రోజు అవసరమే, కట్టినదాన్ని మనసులో బతికించుకోవడానికి అరగంట చాలు. ప్రతిరోజూ అన్న నియమం పసిబిడ్డ ఉన్న ఇంటికీ ఆన్‌కాల్ వారానికీ కఠినమే. వారానికి మూడు రోజులైనా సరే, ఎడం పెరగకుండా చూసుకోవడమే ముఖ్యం.

అరగంటతో సాగాలంటే పని కూడా అరగంటలకు లొంగే పరిమాణంలో ఉండాలి. ఛందస్సు ప్రోగ్రాములో అక్షరాలను విడదీయడం ఒక మెట్టు, గురులఘువులు గుర్తించడం ఇంకొకటి, భ ర న భ భ ర వ గణాల వరుసతో పోల్చి ఉత్పలమాల పాదమో కాదో తేల్చడం మరొకటి. ఒక్కో మెట్టు దానంతట అది పనిచేసి కనిపించేలా రాసుకుంటే మధ్యలో ఆగినా చేతిలో ఏదో ఒకటి మిగులుతుంది. అన్ని వృత్తాలూ, అన్ని జాతులూ, యతిప్రాసలూ, వెబ్‌సైటూ, మొబైల్ యాపూ అని మొదటిరోజే పథకం వేసుకుంటే ఏదీ మిగలదు. అంచనా తప్పడం అనుభవజ్ఞులకూ మామూలే: తన గ్రంథపు ప్రూఫులలో అక్షరాల తీరు నచ్చక కంప్యూటరు శాస్త్రజ్ఞుడు డొనాల్డ్ నూత్ 1977లో ఆలోచించిన టెక్ అనే ముద్రణ వ్యవస్థ, 1978లో ఒక్క సెలవు సంవత్సరంలో ముగుస్తుందనుకున్నది, స్థిరరూపం పొందేసరికి పదేళ్లు దాటింది.

ఇంతకన్నా ముఖ్యమైన అలవాటు లేచే ముందు చివరి ఐదు నిమిషాలకు సంబంధించినది. ఆరోజు ఏం చేసిందీ, ఎందుకు అలా చేసిందీ, ఏది ప్రయత్నించి వదిలేసిందీ, రేపు మొట్టమొదట ముట్టుకోవలసిన పంక్తి ఏదీ అన్నది కోడు పక్కనే ఒక చిన్న ఫైలులో, తెలుగులోనైనా సరే, నాలుగు వాక్యాలలో రాసి పెట్టుకోవాలి. విఫలమయ్యే పరీక్ష ఒకటి రాసి, దాన్ని అలాగే వదిలి లేవడం ఇంకా మంచిది. పరీక్ష అంటే ప్రోగ్రాములో ఒక భాగం సరైన ఫలితం ఇస్తున్నదో లేదో తనంతట తాను చూసుకునే చిన్న కోడు. మరుసటిసారి కూర్చోగానే ఎర్రగా కనిపించే ఆ వైఫల్యమే ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుంది. నౌర్ అభిప్రాయంలో సిద్ధాంతాన్ని పూర్తిగా కాగితం మీద పెట్టడం అసాధ్యం, అది నిజమే. కానీ ఇక్కడ చదివేది వేరొకరు కాదు, ఒకప్పుడు ఆ సిద్ధాంతం మొత్తం తెలిసిన మనిషే. అతడికి పూర్తి వివరణ అక్కరలేదు, గుర్తుచేస్తే చాలు. 2021 తరువాత వ్యాప్తిలోకి వచ్చిన కోడు రాసిపెట్టే కృత్రిమ మేధ సహాయకాల సంగతి కూడా ఈ వెలుగులోనే చూడాలి. అవి టైపు చేసే శ్రమను బాగా తగ్గిస్తాయి, అలసిన రాత్రి అది పెద్ద సాయం. అయితే అర్థం చేసుకోకుండా అంగీకరించిన కోడు మొదటిరోజు నుంచే కారణం తెలియని కోడు.

సొంత కోడు సొంతమేనా అన్న ప్రశ్న కూడా ముందే తేల్చుకోవలసినది. భారతదేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్య కృతుల వర్గంలో చేరుస్తుంది. అదే చట్టంలోని 17వ సెక్షను ప్రకారం, ఉద్యోగ విధులలో భాగంగా తయారైన కృతికి, వేరే ఒప్పందం లేనప్పుడు, మొదటి హక్కుదారు యజమాని. విధులకు సంబంధం లేని పని దీని కిందికి రాకపోయినా, నియామక సమయంలో సంతకం చేసే పత్రాలలో ఇంతకన్నా విస్తృతమైన షరతులు ఉండే అవకాశం ఉంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో మాత్రం లేబర్ కోడ్ 2870వ సెక్షను, ఉద్యోగి పూర్తిగా తన సమయంలో, యజమాని పరికరాలూ రహస్యాలూ వాడకుండా చేసిన ఆవిష్కరణను యజమాని కోరకుండా కాపాడుతుంది; ఆ ఆవిష్కరణ యజమాని వ్యాపారానికి సంబంధించినదైతే, లేదా అతడి కోసం చేసిన పని నుంచి వచ్చినదైతే ఆ రక్షణ వర్తించదు. ఎక్కడి ప్రోగ్రామరైనా నియామక పత్రాన్ని ఒకసారి శ్రద్ధగా చదివి, ఆఫీసు ల్యాప్‌టాప్‌ను సొంత పనికి ముట్టుకోకుండా ఉంటే చాలా చిక్కులు తప్పుతాయి.

ఇంత శ్రమ ఎందుకు అన్నవాళ్లకు, తరువాతి ఇంటర్వ్యూలో చూపించడానికి అని జవాబు చెప్పడం ఈ రోజుల్లో పరిపాటి అయింది. ఆ జవాబు సొంత పనిని కూడా ఉద్యోగంలో భాగం చేస్తుంది, అలసిన మనిషి మీద మరొక గడువు మోపుతుంది. నిద్ర చాలని ప్రోగ్రామరు సొంత కోడు రాయకుండా పడుకోవడమే సరైన నిర్ణయం, అందుకు అతడు ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కరలేదు. సొంత పని విలువ వేరేచోట ఉంది: ఆఫీసులో పెద్ద యంత్రంలో ఒక మరను మాత్రమే చూసే మనిషి, ఇక్కడ మొదటి ఆలోచన నుంచి చివరి వాడకం దాకా మొత్తాన్ని తన చేతులతో చేసి చూడగలుగుతాడు.

ఈ విలువ తెలుగువాళ్లకు కొత్త కాదు. అంతర్జాలంలో తెలుగు కనిపించడానికి కారణమైన ఉపకరణాలలో చెప్పుకోదగ్గవి కొన్ని వ్యక్తుల సొంత శ్రద్ధతో తయారయ్యాయి. పత్రికలు తమతమ ప్రత్యేక ఫాంట్లలో ప్రచురిస్తున్న కాలంలో ఆ పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చిన "పద్మ"ను వెన్న నాగార్జున తయారుచేశాడు, 2003లో మొదలైన తెలుగు వికీపీడియా ఆరంభంలోనూ ఆయన పాత్ర ఉంది. ఇంగ్లీషు అక్షరాల కీబోర్డుతో తెలుగు టైపు చేయడానికి వీవెన్ రూపొందించిన "లేఖిని" ఆ పద్మ ఆధారంగా వచ్చినదే. ఎందరో తెలుగు బ్లాగర్లు తమ మొదటి వాక్యం దానిలోనే రాశారు. చేయవలసినవి ఇంకా చాలా ఉన్నాయి. సంధులతో, విభక్తులతో ఒక్కో పదం వందల రూపాలు ధరించే తెలుగుకు నమ్మదగిన స్పెల్ చెకర్ కావాలి, పాత పుస్తకాల స్కానులను చదివే సాధనాల తప్పులు దిద్దే ఉపకరణం కావాలి, మాండలిక పదాలను ఊరి పేరుతో సహా నమోదుచేసే చిన్న నిఘంటువు కావాలి. వీటిలో ఏ ఒక్కదానిలోనైనా అరగంటలో ముగిసే ముక్క ఒకటి దొరుకుతుంది. తెలుగు తెలిసి, కోడు తెలిసి, వారంలో మూడు రాత్రులు అరగంట చొప్పున మిగిల్చుకోగలిగినవారు అలాంటి ముక్క ఒకటి ఎంచుకుని ఈ వారమే మొదలుపెట్టాలి.